కొండవాగులో నైట్రేట్ ఒక్క ఏడాదిలో ఆరు రెట్లా? రిపోర్టు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది

వాగుగట్టు | రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఒక రక్షిత పర్వత ప్రాంతంలో వలంటీరుగా నీటి శాంపిళ్లు తీస్తున్నాను. విషయం తేలకుండా ఆ ప్రాంతం పేరు బయటపెట్టడం బాగోదు కాబట్టి రాయడం లేదు. చెట్లు ఆగిపోయే ఎత్తుకు కాస్త పైన, బండరాళ్ల దిబ్బ కింద నుంచి పుట్టే చిన్న వాగు అది. దానికి పైన ఊరు లేదు, పొలం లేదు, రోడ్డు లేదు. కాలు పెడితే పది లెక్కపెట్టేలోపు పాదం మొద్దుబారిపోతుంది.

పోయిన సెప్టెంబరు శాంపిల్‌లో నైట్రేట్ 0.14 వచ్చింది. ఈ జూన్ మొదటి వారం శాంపిల్ రిపోర్టు నిన్న చేతికొచ్చింది. 0.93! రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉన్నాయి. అంటే ఆరు రెట్ల పైమాటే. పైన ఏ ఎరువూ పడని చోట ఇంత ఎలా పెరుగుతుంది? ముందు అధికారులకు చెప్పాలా, మళ్లీ శాంపిల్ తీయాలా?

లెక్కలపిచ్చి | రాత్రి 10:05

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. మీది ఒకటి కూడా లేదు. హాయిగా పడుకోండి బాసూ.

పాతమాస్టారు | రాత్రి 10:31

పడుకునే ముందు ఒక్క పని చేయండి వాగుగట్టు గారూ. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని అంకె కాదు, అంకె పైనున్న తలకట్టు చదవండి. "నైట్రేట్" అని ఉందా, "నైట్రేట్-ఎన్" అని ఉందా?

ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఈ ఒక్క అక్షరం దగ్గర బోర్లా పడని వాళ్లను చాలా తక్కువ మందిని చూశాను. కొన్ని ల్యాబులు నైట్రేట్ అయాన్ మొత్తం బరువు చెబుతాయి. కొన్ని అందులో ఉన్న నైట్రోజన్ బరువు ఒక్కటే చెబుతాయి. నైట్రోజన్ 14, దానికి అంటుకున్న మూడు ఆక్సిజన్‌లు 48, కలిపి 62. 62ని 14తో భాగిస్తే 4.43. అవే నీళ్లు, అదే సీసా. ఒక ల్యాబు 1 అంటే ఇంకో ల్యాబు 4.43 అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

తాగునీటి ప్రమాణాల్లోనూ ఇదే గందరగోళం. అమెరికాలో హద్దు 10, భారత్‌లో 45 అని చూసి అమెరికా నాలుగు రెట్లు కఠినం అనుకుంటారు చాలామంది. అమెరికా వాళ్లది నైట్రోజన్‌గా 10, మనది నైట్రేట్‌గా 45. గుణించి చూసుకోండి, రెండూ దాదాపు ఒకటే.

వాగుగట్టు | రాత్రి 10:58

మాస్టారూ, దండం. పాత రిపోర్టులో "నైట్రేట్-ఎన్" అని ఉంది. కొత్తదాంట్లో ఉత్త "నైట్రేట్". ఈ ఏడాది ల్యాబు మారింది. మారిందని మాకు చెప్పారు కానీ లెక్క చెప్పే పద్ధతి మారిందని ఎవరూ అనలేదు. కింద ఫుట్‌నోట్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే కనిపించింది.

లెక్కలపిచ్చి | రాత్రి 11:03

0.93ని 4.43తో భాగిస్తే 0.21. ఆరు రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లు అయింది. థ్రెడ్ మూసేయొచ్చా?

మంచుమల్లె | ఉదయం 6:20

అప్పుడే మూయకండి. 0.14 నుంచి 0.21 కూడా యాభై శాతం పెరుగుదల. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. ఒకటి సెప్టెంబరు శాంపిల్, ఇంకోటి జూన్ శాంపిల్. మంచు మీద బతికే వాగులో ఈ రెండు నెలలూ రెండు వేరే వాగులు అనుకోండి.

చలికాలమంతా గాల్లోంచి దిగిన నైట్రేట్, అమ్మోనియం మంచు పొరల్లో పేరుకుంటాయి. కరగడం మొదలయ్యాక అవి మంచుతో సమానంగా బయటికి రావు. మంచు రేణువు గడ్డకట్టి పెద్దదయ్యేటప్పుడు లవణాలను తనలో ఉంచుకోదు, అంచుకు నెట్టేస్తుంది. కాబట్టి మొదట జారిన నీరే వాటిని కడిగి తీసుకుపోతుంది. ఉప్పు పూసిన మామిడి ముక్కను నీళ్లలో ముంచితే మొదటి మునకకే ఉప్పంతా పోతుంది కదా, అలాగన్నమాట. నార్వేలో 1970ల్లో చేసిన ప్రయోగాల్లో, కరిగిన నీటిలో మొదటి 30 శాతంలోనే మంచులోని లవణాలు 50 నుంచి 80 శాతం దాకా వచ్చేశాయి.

దీనికి మంచు కింద నేల కథ కూడా తోడవుతుంది. మంచు దుప్పటి మందంగా ఉంటే కింద మట్టి పూర్తిగా గడ్డకట్టదు. సున్నా దగ్గరే ఉంటుంది, సూక్ష్మజీవులు చలికాలమంతా పని చేస్తూనే ఉంటాయి. వాటి నైట్రేట్ కూడా కరుగునీటితో పాటే తోసుకొస్తుంది. అప్పటికి గడ్డీ మొక్కా ఇంకా లేవలేదు కాబట్టి పీల్చుకునేవాళ్లు లేరు. జూలై, ఆగస్టుల్లో మొక్కలు, వాగులోని నాచు తినేస్తాయి, అంకె పడిపోతుంది.

జూన్‌ని జూన్‌తో పోల్చాలి. వీలైతే రోజులో అదే వేళకు తీసిన శాంపిల్‌తో పోల్చాలి. ఎండ ఎక్కాక కరుగునీరు పెరిగి సాయంత్రానికి వాగు ఉబ్బుతుంది, పొద్దున ఏడింటి నీరూ సాయంత్రం ఐదింటి నీరూ ఒకటి కావు. మీ దగ్గర పోయిన జూన్ అంకె ఉందా?

వాగుగట్టు | ఉదయం 8:14

పోయిన జూన్‌లో నేను వెళ్లలేదు, ఇంకో వలంటీరు వెళ్లారు. ఆవిడ నోట్‌బుక్ అడుగుతాను.

అడవిదారి | ఉదయం 8:40

మీరంతా మంచు, రేణువు అంటూ ఎక్కడికో వెళ్తున్నారు. నేను ఆ ఎత్తుల్లో తిరిగేవాణ్ణి, కళ్లారా చూసింది చెబుతా. క్యాంపు వేసేవాళ్లు వాగుకి పది అడుగుల్లో కూర్చుంటారు. సామాను మోసే గుర్రాలు నీళ్లు తాగే చోటే పేడ వేస్తాయి. నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తోందని అడగడానికి ఐసోటోపుల పరీక్ష, అదే ఒకే మూలకంలో బరువు వేరైన రకాలను కొలవడం, కావాలా?

మంచుమల్లె | ఉదయం 9:02

కావాలి అన్నా, ఒక్కోసారి నిజంగానే కావాలి :) కానీ మీ అనుమానానికి అంత ఖర్చు అక్కర్లేదు. మలమూత్రాల నుంచి వస్తే నైట్రేట్ ఒంటరిగా రాదు. క్లోరైడ్, ఫాస్ఫరస్, పేగుల్లో ఉండే ఇ.కోలి బ్యాక్టీరియా వెంట వస్తాయి. క్యాంపుకి పైన ఒక సీసా, కింద ఒక సీసా అదే గంటలో తీస్తే తేలిపోతుంది. పైన కూడా అంతే ఉంటే గుర్రాలు నిర్దోషులు. వాగుగట్టు గారి శాంపిల్ చోటుకి పైన క్యాంపు ఉందా?

వాగుగట్టు | ఉదయం 9:30

లేదండీ. క్యాంపు వేసే చోటు రెండు కిలోమీటర్లు కింద. పైన రాళ్లే.

అడవిదారి | ఉదయం 9:33

అయితే వెనక్కి తీసుకున్నా. కింద మాత్రం నేను చెప్పిందే నిజం.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 1:15

సరే, యూనిట్ తేలింది, సీజన్ తేలింది, గుర్రం తేలింది. ఇప్పుడు నా మొదటి ప్రశ్నకే వస్తా. 0.21 ఎక్కడ, 10 ఎక్కడ? దాదాపు యాభయ్యో వంతే. చంటిపిల్లలకు ఒళ్లు నీలం తిరిగే బ్లూ బేబీ జబ్బు రాకూడదని కదా ఆ హద్దు పెట్టింది. దానికి ఇంత దూరంలో ఉన్న నీటి గురించి ఎందుకింత హడావుడి? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

సరస్సుచూపు | మధ్యాహ్నం 2:47

మంచి ప్రశ్న. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఆ హద్దు మనిషి కోసం పెట్టింది. వాగులో బతికే డయాటమ్ అనే నాచుని అడిగి పెట్టలేదు. కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ 1915 నుంచి రక్షిత ప్రాంతం. అందులో లాక్ వేల్ అనే లోయలో 1980ల మొదటి నుంచి వాననీరు, మంచు, వాగునీరు వారం వారం కొలుస్తున్నారు. ఎత్తైన కొండవాగుల గురించి మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం ఆ సీసాల నుంచి వచ్చిందే. జిల్ బేరన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా ఆ పని నడిపించారు.

అక్కడి సరస్సుల అడుగు మట్టిని గొట్టంతో తవ్వి తీసి, పొరలు విప్పి చూశారు. డయాటమ్ అంటే గాజు పెంకు ఉన్న నాచు. చచ్చినా పెంకు మట్టిలో ఉండిపోతుంది, పాత బడి రిజిస్టర్‌లో పేర్ల లాగా. శతాబ్దాల పాటు దాదాపు ఒకే రకాలు ఉన్న చోట, 1950 ప్రాంతాల నుంచి ఆస్టెరియోనెల్లా ఫార్మోసా, ఫ్రాజిలేరియా క్రోటోనెన్సిస్ అనే రెండు రకాలు పెరిగిపోయాయి. రెండూ నైట్రోజన్ దొరికితే చెలరేగేవే. అప్పుడు ఆ నీళ్లు మనిషి తాగడానికి బంగారంలా ఉన్నాయి, ఇప్పటికీ తాగునీటి హద్దుకి ఎంతో దూరంలో ఉన్నాయి. కానీ సరస్సులో కాపురం చేసేవాళ్లు మారిపోయారు.

ఎందుకంటే ఆ రాళ్ల దేశంలో నైట్రోజన్ అంటేనే కరువు. మట్టి జానెడు కూడా ఉండదు, మొక్క చిన్నది, ఎండాకాలం రెండు నెలలు. కరువులో బతకడం నేర్చినవాళ్ల మధ్యలోకి రోజూ ఉచితంగా అన్నం వస్తే, ఎక్కువ తినేవాడు గెలుస్తాడు.

అందుకే అక్కడ కొలత నీటిలో మిల్లీగ్రాముతో మొదలవదు. ఏటా ఆకాశం నుంచి హెక్టారుకు ఎన్ని కిలోల నైట్రోజన్ దిగుతోందన్నది చూస్తారు. వాన, మంచుల ద్వారా ఏడాదికి 1.5 కిలోలు దాటితే మార్పులు మొదలవుతాయని తేల్చి దాన్నే క్రిటికల్ లోడ్‌గా పెట్టుకున్నారు. మనిషి జోక్యం లేని రోజుల్లో అది 0.2 ఉండేదని అంచనా. 2006లో లెక్క కడితే 3.1. నేషనల్ పార్క్ సర్వీస్, రాష్ట్ర ఆరోగ్య పర్యావరణ శాఖ, కేంద్ర పర్యావరణ సంస్థ కలిసి 2007లో ఒక తగ్గింపు ప్రణాళిక ఒప్పుకున్నాయి. మెట్లు మెట్లుగా దిగి 2032కి 1.5 చేరాలని. మొదటి మెట్టు 2012కి 2.7. అదే అందుకోలేకపోయారు.

హెక్టారుకు మూడు కిలోలంటే ఏ రైతైనా నవ్వుతాడు, పొలంలో చల్లే ఎరువుతో పోలిస్తే అది చిటికెడు. ఆ చిటికెడుకే అక్కడ సరస్సు రూపు మారిపోయింది.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 3:20

ఇది నాకు తెలియదు. అంటే తాగే హద్దూ, వాగు హద్దూ రెండు వేర్వేరు రూళ్లకర్రలు. ఒప్పుకున్నా. కానీ పార్కు గేటు మూసి, పొగ గొట్టం లేకుండా చేసినా ఆకాశం నుంచి పడుతుంటే "రక్షిత" అనే మాటకు అర్థమేంటి?

సరస్సుచూపు | మధ్యాహ్నం 3:51

గాలికి గేటు లేదు. ఆ పార్కుకి తూర్పున మైదానంలో నగరాలు, హైవేలు, పొలాలు, వేల పశువులను ఒక్కచోట కట్టి మేపే ఫీడ్‌లాట్లు ఉన్నాయి. గాలి సాధారణంగా పడమటి నుంచి వస్తుంది కానీ కొన్ని రోజులు తూర్పు నుంచి కొండ ఎక్కుతుంది, చాలాసార్లు వాననో మంచునో వెంటబెట్టుకుని. ఆ కొద్ది రోజుల్లోనే చాలా నైట్రోజన్ దిగిపోతుంది. పర్వత శ్రేణికి తూర్పు వైపు సరస్సుల్లో నైట్రేట్ పడమటి వైపు కంటే ఎక్కువ ఉండటానికి ఒక కారణం ఇదే.

అడవిదారి | సాయంత్రం 4:10

మళ్లీ రైతు మీదకే తోసేశారా. కార్ల పొగ సంగతేంటి?

సరస్సుచూపు | సాయంత్రం 4:36

రెండూ ఉన్నాయి. కార్లు, కరెంటు ప్లాంట్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు గాల్లో నైట్రేట్ అవుతాయి. వాటి మీద చట్టం ఉంది, పొగ గొట్టాలకు మీటర్లు ఉన్నాయి, అవి తగ్గుతూ వచ్చాయి. పేడ, మూత్రం, ఎరువుల నుంచి లేచే అమ్మోనియా మీద అమెరికాలో అలాంటి పట్టు లేదు. అందుకే దిగే నైట్రోజన్‌లో అమ్మోనియం వాటా పెరుగుతూ పోయింది. అది మట్టిలో పడ్డాక సూక్ష్మజీవుల చేతిలో నైట్రేట్ అయిపోతుంది, వాగుకి చేరేసరికి ఎవరిదో ముఖం చూసి చెప్పలేం.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. తూర్పు గాలి కొండ ఎక్కబోతోందని సూచన రాగానే రైతులకు ముందుగా హెచ్చరిక పంపే ఏర్పాటు ఒకటి అక్కడ మొదలుపెట్టారు. ఆ ఒకటి రెండు రోజులు పేడ తిరగేయడం, ఎరువు చల్లడం వాయిదా వేయమంటారు. బలవంతం లేదు, జరిమానా లేదు. దానితోనే అంతా మారుతుందని కాదు, రైతు మీద తోసేయకుండా రైతుతో కలిసి చేసిన పని కాబట్టి చెప్పాను.

మంచుమల్లె | సాయంత్రం 5:05

ఐసోటోపుల మాట తీసి వదిలేశాను, పూర్తి చేస్తా. గాల్లో పుట్టిన నైట్రేట్‌లోని ఆక్సిజన్‌లో బరువైన రకం చాలా ఎక్కువ. మట్టిలో సూక్ష్మజీవులు చేసిన నైట్రేట్‌లో అది తక్కువ. కాబట్టి వాగునీటిలోని నైట్రేట్ నేరుగా మంచులోంచి జారిందా, మట్టి గుండా తిరిగి వచ్చిందా అన్నది చెప్పొచ్చు. లాక్ వేల్‌లో చూస్తే సగమో, అంతకన్నా ఎక్కువో సూక్ష్మజీవుల చేతి మీదుగా వచ్చిందే. ఏమీ లేదనుకున్న బండరాళ్ల దిబ్బల్లో, రాళ్ల సందుల్లో ఉన్న గుప్పెడు మట్టిలో ఇదంతా జరుగుతోంది.

వాగుగట్టు గారూ, మీ వాగు కూడా రాళ్ల దిబ్బ కింద నుంచే కదా పుట్టేది.

అడవిదారి | సాయంత్రం 5:40

ఇంకొక్కటి. మా వైపు పురుగు పట్టి పైన్ చెట్లు కొండలకు కొండలు ఎండిపోయాయి. చెట్టు చస్తే నైట్రోజన్ పీల్చేవాళ్లు లేక వాగులోకి పోదా?

సరస్సుచూపు | సాయంత్రం 6:12

పోతుందనే అందరూ ఎదురుచూశారు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధనా అడవిలో 1965లో ఒక పరీవాహక ప్రాంతంలో చెట్లన్నీ నరికి, మూడేళ్లు ఏదీ మొలవకుండా మందు కొడితే వాగులో నైట్రేట్ తాగునీటి హద్దునే దాటింది. కానీ కొలరాడోలో పైన్ పురుగు లక్షల చెట్లను చంపినా వాగుల్లో నైట్రేట్ పెద్దగా పెరగలేదు. పురుగు అన్నిటినీ ఒకేసారి చంపదు. బతికిన చెట్లు, కింద ఎదుగుతున్న పిల్ల మొక్కలు మిగిలిన తిండిని పంచుకున్నాయి. చెట్లు ఆగిపోయే ఎత్తుకి పైన మాత్రం అలా పంచుకునేవాళ్లు కూడా తక్కువే.

పాతమాస్టారు | రాత్రి 8:25

నా సిగ్గు కథ ఒకటి చెప్పి పోతాను, శాంపిల్ తీసేవాళ్లకు పనికొస్తుంది. ఒకప్పుడు పిల్లలతో కలిసి ఏటి నీరు పరీక్షించాం. సీసాలు తళతళా మెరవాలని ముందు రోజు రాత్రి నేనే నైట్రిక్ యాసిడ్‌తో కడిగాను. లోహాలు కొలిచేటప్పుడు అలాగే చేస్తాం, ఆ అలవాటు. నైట్రేట్ అదిరిపోయేంత వచ్చింది. పిల్లలు పోస్టర్లు కూడా రాసేశారు. ఖాళీ సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి చూస్తే అందులోనూ అంతే! నైట్రిక్ యాసిడ్‌తో కడిగి నైట్రేట్ వెతికాను. తుడిచిన చీపురుతోనే చెత్త పోసినట్టు.

అప్పటి నుంచి ప్రతిసారీ ఒక బ్లాంక్ సీసా తీసుకెళ్తాను. కొండ మీద, అదే చోట, అందులో శుద్ధ జలం పోసి మిగతావాటితో పాటే పంపుతాను. అంకెలు ఇంత చిన్నవైనప్పుడు చేతి చెమట కూడా లెక్కలోకి వస్తుంది, గ్లవ్స్ వేసుకోండి. వాగునీటితోనే సీసాను మూడుసార్లు తొలిచి నింపండి. అక్కడికక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి ఐసులో పెట్టండి. లేకపోతే ల్యాబుకి చేరేలోపు సీసాలోని సూక్ష్మజీవులే నైట్రేట్ తినేస్తాయి. ఫిల్టర్ కూడా ముందు కడగండి, కొన్ని రకాల ఫిల్టర్లు నైట్రేట్‌ని వదులుతాయి. ఇక అక్వేరియం వాళ్లు వాడే రంగు పట్టీలు మీ వాగుకి పనికిరావు, అవి చూపించే మొదటి గీతే మీ అంకెకి ఎన్నో రెట్లు పైన ఉంటుంది.

వాగుగట్టు | మర్నాడు ఉదయం 10:17

మాస్టారూ, మీ బ్లాంక్ మాట చదివి సిగ్గేసింది, మేం ఎప్పుడూ పంపలేదు.

రెండు సంగతులు. ల్యాబు నుంచి జవాబు వచ్చింది, 0.93 నైట్రేట్‌గానే, నైట్రోజన్‌గా 0.21. ఇక ముందు రెండు విధాలా రాస్తామన్నారు. రెండోది, పోయిన జూన్ నోట్‌బుక్ దొరికింది. పేజీ నీళ్లకు తడిసి ఉబ్బిపోయి ఉంది, పెన్సిల్‌తో రాశారు కాబట్టి మిగిలింది. జూన్ 9, ఉదయం 7:40, నైట్రేట్-ఎన్ 0.23. పక్కన "వాగు దాటలేకపోయాం, నీళ్లు మోకాలిపైకి" అని ఉంది.

అంటే ఈ ఏడాది పెరగలేదు. ఒక పిసరు తగ్గింది కూడా.

లెక్కలపిచ్చి | ఉదయం 10:25

ఆరు రెట్ల నుంచి మైనస్‌లోకి. ఇంత ప్రయాణం ఏ షేర్ మార్కెట్‌లోనూ చూడలేదు.

సరస్సుచూపు | ఉదయం 11:09

0.23కీ 0.21కీ మధ్య తేడాని తగ్గుదల అని కూడా అనకండి. రెండు సీసాలతో ట్రెండ్ గీయలేం.

అలాగని ఊపిరి పీల్చుకోమనీ అనలేను. మనిషి కాలుష్యం తగలని కొండ సరస్సుల్లో వేసవి చివరికి నైట్రేట్ దాదాపు కొలవలేనంత తక్కువకి పడిపోవడం మామూలు. మొక్క, నాచు ఆఖరి గింజ దాకా ఊడ్చేస్తాయి. మీ వాగులో సెప్టెంబరులో కూడా 0.14 మిగిలింది. నాకు జూన్ అంకె కంటే అదే ఎక్కువ ఆసక్తిగా ఉంది. అంటే తినేవాళ్ల ఆకలి తీరాక కూడా మిగులుతోందా? లేక సెప్టెంబరులో వేరే ఏదో కలుస్తోందా?

లాక్ వేల్‌లో 2000 తర్వాతి ఏళ్లలో వాగు నైట్రేట్ 1990ల కంటే యాభై శాతం దాకా పెరిగింది. ఆకాశం నుంచి దిగేది ఆ లెక్కన పెరగలేదు. ఎండాకాలాలు వేడెక్కి హిమానీనదాలు, రాళ్ల కింద దాక్కున్న పాత మంచు కరగడం, కొత్తగా బయటపడ్డ మట్టిలో సూక్ష్మజీవులు పని మొదలుపెట్టడం, ఆ నీరు దాన్ని కడుక్కుని రావడం అని వాళ్లు వివరించారు. మీ వాగు పైన రాళ్ల దిబ్బలో మంచు ఉందా? ఎండాకాలం చివర్లో రాళ్ల సందు నుంచి వచ్చే నీరు ఒకటి రెండు డిగ్రీల దగ్గరే ఉంటే లోపల మంచు ఉందని అనుమానించొచ్చు.

వాగుగట్టు | ఉదయం 11:31

సెప్టెంబరు పేజీ తీశాను. నీటి ఉష్ణోగ్రత 1.8 డిగ్రీలు. మధ్యాహ్నం రెండు గంటలకు.

మంచుమల్లె | ఉదయం 11:34

ఓహో.

సరస్సుచూపు | ఉదయం 11:40

అయితే ఆగస్టు మొదలు మంచు పడేదాకా రెండు వారాలకోసారి తీయగలరా? దిబ్బ కింద ఊట దగ్గర ఒకటి, అర కిలోమీటరు దిగువన ఒకటి. నైట్రేట్‌తో పాటు అమ్మోనియం, ఫాస్ఫరస్, సల్ఫేట్ కూడా అడగండి. ఫాస్ఫరస్ ఎందుకంటే, నైట్రోజన్ మరీ ఎక్కువైతే కొరత దాని నుంచి ఫాస్ఫరస్ వైపు జరుగుతుంది. నార్వే, స్వీడన్, కొలరాడో సరస్సుల్లో అది చూశారు.

నిర్వాహకులు | మధ్యాహ్నం 12:15

వాగుగట్టు గారూ, శీర్షికలో "ఆరు రెట్లా" అని చూసి బయట గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు తిరుగుతున్నాయి. మారుస్తారా, మమ్మల్ని మార్చమంటారా?

వాగుగట్టు | మధ్యాహ్నం 12:48

మొదటి పోస్టు పైన "యూనిట్ పొరపాటు, 3వ పోస్టు నుంచి చదవండి" అని మీరే పెట్టండి. శీర్షిక అలాగే ఉండనివ్వండి, నాలాగా భయపడి వెతికేవాళ్లకు ఇదే దొరకాలి.

ఆగస్టు మొదటి శనివారం ఎక్కుతున్నాను. మాస్టారి బ్లాంక్ సీసాలు రెండు, పెన్సిళ్లు రెండు సర్దాను. సిరింజ్ ఫిల్టర్లు ముందు రోజే కడిగి పెట్టుకోవచ్చా, లేక కొండ మీదే కడగాలా?

పాతమాస్టారు | మధ్యాహ్నం 1:02

కొండ మీదే. మొదట శుద్ధ జలంతో, తర్వాత వాగునీరు కాస్త పారబోసి, ఆ తర్వాతే సీసాలోకి.